నాయకుడి నీడలో ఎవరు ఎదిగారు?

మహబూబ్‌నగర్ పట్టణానికి దగ్గరలో ఉన్న పిల్లలమర్రిని ఎరుగని పాలమూరువాసి ఉండడేమో. ఏడు వందల ఏళ్ల నాటిదని పెద్దలు చెప్పే ఆ మహావృక్షం మూడెకరాలకు పైగా నేలను కప్పి నిలిచింది. ఏది మొదటి మానో, ఏది తరువాత దిగిన ఊడో చెప్పడం కష్టం. అంతటి చెట్టుకూ 2017 చివరలో కష్టకాలం వచ్చింది. లోలోపల చెదలు తొలిచేయడంతో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. సందర్శకులను రానివ్వడం ఆపేశారు. 2018లో, ఆస్పత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్టు కొమ్మలకు సీసాలు వేలాడదీసి చెదల మందును చుక్క చుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మలకు ఆసరాగా కాంక్రీటు దిమ్మెలు కట్టారు. గాలిలో వేలాడుతున్న లేత ఊడలకు గొట్టాలు తొడిగి నేలదాకా దారి చూపించారు.

ఆ రోజుల్లో అందరూ సెలైన్ సీసాల గురించే వింతగా చెప్పుకున్నారు. అయితే విశ్వాసులమైన మనం ఆలోచించవలసింది ఆ గొట్టాల గురించి. మందు నేటి చెట్టును బతికిస్తుంది. నేలను తాకిన ఊడ రేపటి చెట్టును మోస్తుంది. ఎంత పెద్ద కొమ్మయినా, దాని ఊడ నేలను తాకనంతకాలం పాత మాను మీద బరువే. ఊడ నేలను తాకి వేరు పట్టిన రోజు నుంచి అదే చెట్టును నిలబెట్టే స్తంభమవుతుంది.

మన సంఘాల్లో నేడు కొరవడినవి నేల తాకిన ఊడలే. ప్రసంగాలకు కొదువ లేదు. కూటాలకు, మైకులకు, కరపత్రాలకు, ఫ్లెక్సీలకు అసలే కొదువ లేదు. కానీ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలామందిమి మౌనంగా ఉండిపోతాం. రేపు మన కాపరి మంచం పడితే వచ్చే ఆదివారం వాక్యం చెప్పేదెవరు? ఊళ్లో ఒక విశ్వాసి కన్నుమూస్తే సమాధి దగ్గర ప్రార్థన చేసేదెవరు? భార్యాభర్తలు గొడవపడి రాత్రి పది గంటలకు తలుపు తడితే కూర్చోబెట్టి మాట్లాడేదెవరు? 'పొరుగూరి అయ్యగారికి ఫోన్ చేస్తాం' అన్నదే మన జవాబైతే, ఇరవై ఏళ్లుగా మనం సంఘాన్ని నడిపాం గాని సంఘాన్ని పెంచలేదని ఒప్పుకోవాలి.

మర్రిచెట్టు కింద మరో మొక్క ఎదగదని మన దక్షిణాది సామెత. ఈ సామెతను ప్రపంచ క్రైస్తవ లోకానికి వినిపించినవాడు మన ప్రాంతంలో పుట్టిన మనిషే. పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీ దంపతులకు జన్మించారు. 1960లలో తిరిగి వచ్చి ఇక్కడే పరిచర్య చేశారు. పాలమూరు పల్లె జీవితాన్ని దగ్గరగా చూసి 'కొండూరు' అనే పుస్తకం రాశారు. అది 1971లో వెలువడింది. తరువాత అమెరికాలో పేరుపొందిన మానవశాస్త్ర ఆచార్యుడై 2007లో ప్రభువునందు నిద్రించారు. నాయకులను తయారుచేయడానికీ, అనుచరులను తయారుచేయడానికీ ఉన్న తేడాను వివరిస్తూ 1989లో ఆయన రాసిన వ్యాసంలో మన పెరటి చెట్లే కనిపిస్తాయి. కొందరు నాయకులు మర్రిచెట్టు లాంటివారు. వారి నీడ చల్లగా ఉంటుంది, కానీ ఆ నీడలో మరొకరు ఎదగరు. వారు పోయాక మిగిలేది బీడు నేల. కొందరు అరటిచెట్టు లాంటివారు. ఎత్తు తక్కువే. అయితే గెల వేసే నాటికే చుట్టూ పిలకలు లేచి ఉంటాయి. తల్లిచెట్టు ఒరిగిపోయినా తోట ఆగదు.

అనుచరులను తయారుచేయడం తేలిక. చెప్పినట్టు వింటారు, పొగుడుతారు, కుర్చీ వేస్తారు. నాయకులను తయారుచేయడం కష్టం. వారు ప్రశ్నిస్తారు, పొరపాట్లు చేస్తారు, ఒక్కోసారి మనకన్నా బాగా చేస్తారు. ఆ మూడింటినీ ఓర్చుకోగల మనసు ఉంటేనే నాయకులు పుడతారు.

మన నేలలో ఒకప్పుడు నాయకులు ఎలా పుట్టారో గుర్తు చేసుకుందాం. రష్యాలోని మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలు పంపగా 1889లో భారతదేశానికి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి 1890లో నల్లగొండలో పని ఆరంభించారు. అటువైపు పాలమూరులో బాప్టిస్టు మిషనరీ ఎల్బర్ట్ చూట్ అప్పటికే పనిచేస్తున్నారు. 1899లో అమెరికా నుంచి మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు హైదరాబాద్‌లో దిగారు. వారి పని నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి వంటి చోట్లకు పాకింది. 1937లో మహబూబ్‌నగర్ కేంద్రం కూడా వారి చేతికి వచ్చింది. ఇవి మనకు బాగా తెలిసిన పేర్లు. సమాధి రాళ్ల మీదా, బంగళాల గోడల మీదా చెక్కి ఉన్న పేర్లు.

చెక్కని పేర్లు మరెన్నో ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు మిషనరీలు వందల పల్లెలను చుట్టడం ఎలా సాధ్యం? చలికాలంలో గుడారాలు వేసుకొని ఊరూరా తిరిగినప్పుడు వారి వెంట నడిచిన తెలుగు బోధకులు, ఊరి బడిపంతుళ్లు, ఇంటింటికీ వెళ్లి స్త్రీలకు వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలు, వీరే అసలు సంఘాన్ని కట్టారు. వారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవారు. అక్షరం ముట్టుకోవడమే తప్పనిపించిన సమాజంలో వారు లేఖనం చదివి, చదివించారు. ఊరి బావి దగ్గర నిలబడే హక్కు లేనివారు దేవుని సన్నిధిలో నిలబడి ఇతరుల కోసం ప్రార్థించారు. 1920లో నాగర్‌కర్నూల్‌లో మొదలై తరువాత శంషాబాద్‌కు మారిన బైబిల్ పాఠశాల అలాంటివారికి తర్ఫీదునిచ్చింది. అయితే వారు నేర్చుకున్నది తరగతి గదిలో మాత్రమే కాదు. ఒకే బండిలో ప్రయాణం చేస్తూ, ఒకే చెట్టు కింద వండుకు తింటూ, రోగి పక్కన కలిసి మోకరిస్తూ నేర్చుకున్నారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1917లో రష్యాలో విప్లవం వచ్చింది. ఆ దేశపు సంఘాల నుంచి అందే సహాయం తెగిపోయింది. నల్లగొండ పల్లెల్లో ప్రార్థన మాత్రం ఆగలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కొన్ని దశాబ్దాలకు విదేశీ మిషనరీలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అప్పుడూ ఆరాధన ఆగలేదు. ఎందుకంటే అప్పటికే కొన్ని ఊడలు నేలను తాకి ఉన్నాయి.

అయితే మనం నిజాయితీగా ఒప్పుకోవలసిన మరో సంగతి ఉంది. ఈ నేల మీద 'నాయకుడు' అనగానే మన కళ్ల ముందు నిలిచే బొమ్మ 'దొర'. నిజాం కాలంలో గడీలో కూర్చొని వెట్టిచాకిరీ చేయించుకున్న దొర. అతని ముందు 'బాంచన్, కాల్మొక్త' అంటూ వంగిన నడుములు మన తాతముత్తాతలవే. ఆ దొరతనం మీద తిరగబడ్డ 1946-51 నాటి సాయుధ పోరాటానికి నల్లగొండే గుండెకాయ. మరోవైపు మన పెద్దలు ప్రేమతోనే అయినా మిషనరీని కూడా 'దొరగారు' అనే పిలిచారు. గడీ దొర కొట్టేవాడు, బంగళా దొర పెట్టేవాడు. ఇద్దరి మధ్యా ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. కానీ చేతులు కట్టుకొని నిలబడటం మాత్రం రెండు చోట్లా మనకు అలవాటైంది.

గడీలు కూలిపోయాయి. బంగళాల నుంచి మిషనరీలు వెళ్లిపోయారు. కుర్చీ మాత్రం ఖాళీగా మిగిలింది. ఆ కుర్చీలో కూర్చున్న మనలో కొందరు తెలియకుండానే దొరలమయ్యాం. కాపరి ఎదుట కూర్చోవడానికి జంకే విశ్వాసులను చూసి సంతోషించాం. లెక్క అడిగినవాడిని తిరుగుబాటుదారుడన్నాం. మన మాటకు ఎదురు చెప్పడమంటే దేవునికి ఎదురు చెప్పడమేనని ప్రసంగించాం. పాత సంఘాల్లో ఆస్తుల చుట్టూ, పదవుల చుట్టూ నడిచే వ్యాజ్యాల వేరు ఎక్కడుందో వెతికితే చాలాసార్లు ఈ కుర్చీ దగ్గరే దొరుకుతుంది.

ప్రభువైన యేసు ఈ బొమ్మను ఆనాడే పగలగొట్టాడు. కుడివైపున ఒకరు, ఎడమవైపున ఒకరు కూర్చోవాలని జెబెదయి కుమారులు కోరినప్పుడు, అన్యజనుల అధికారులు ప్రజల మీద ప్రభుత్వం చేస్తారని, మీలో ఆలాగు ఉండకూడదని, గొప్పవాడు కావాలనుకునేవాడు పరిచారకుడై ఉండాలని ఆయన నేర్పాడు (మార్కు 10:35-45). 'మీలో ఆలాగు ఉండకూడదు' అన్న ఆ హద్దు మన సంఘానికి మొదటి నియమం. దొరతనం నుంచి విడుదల పొందినవారి పిల్లలు దేవుని మందిరంలో మళ్లీ దొరతనం కింద బతకడం ఎంత విషాదం!

మరి దొర కాని నాయకుడు ఎలా తయారవుతాడు? లేఖనాలు నాలుగు విలువలను మన ముందు ఉంచుతున్నాయి.

మొదటిది, తోడుండటం. యేసు పన్నెండుమందిని ఏర్పరచుకున్నప్పుడు మార్కు రెండు కారణాలు చెబుతాడు. వారు తనతోకూడ ఉండటం మొదటిది, ప్రకటించడానికి వారిని పంపడం తరువాతది (మార్కు 3:14). మనం ఈ వరుసను తిరగేశాం. ముందు మైకు ఇచ్చి పంపుతున్నాం. తోడు ఉంచుకోవడం మరిచిపోతున్నాం. మన ఊళ్లలో గొల్ల కురుమల పిల్లలను చూడండి. వాళ్లలో ఎవరూ పుస్తకం చదివి కాపరి కాలేదు. తండ్రి వెంట జీవాలను తోలుకుంటూ ఎండలో నడిచారు. రాత్రి చేలో మంద పెట్టినప్పుడు మంద పక్కనే పడుకున్నారు. ఏ గొర్రె కుంటుతోందో, ఏ గొర్రె మేత మానేసిందో తండ్రి కళ్లతో చూడటం నేర్చుకున్నారు. సంఘ కాపరి కూడా అలాగే తయారవుతాడు. బైబిల్ కళాశాల అవసరమే, దానికి విలువ ఉంది. కానీ ఆస్పత్రిలో రోగిని పరామర్శించేటప్పుడు, చావు ఇంటికి వెళ్లేటప్పుడు, అప్పులపాలైన రైతు పక్కన కూర్చునేటప్పుడు ఒక యువకుడిని, ఒక యువతిని వెంట తీసుకువెళ్లని కాపరి, వారికి ఏ కళాశాలా నేర్పలేని పాఠాన్ని దూరం చేస్తున్నాడు.

రెండవది, లోపలి జీవితం. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల వారికి ఫ్లోరైడ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ నీళ్లు చూడటానికి తేటగానే ఉండేవి. ఒక్క రోజులో ఎవరినీ పడగొట్టలేదు. ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టాయి, కీళ్లు బిగుసుకున్నాయి, ఎముకలు వంగిపోయాయి. తరువాత కృష్ణా నీళ్లు నల్లాల ద్వారా వచ్చాయి. కానీ అప్పటికే వంగిన ఎముకలు తిరిగి నిటారు కాలేదు. ఆ బాధ ఎవరి తప్పూ కాదు, తాగడానికి వారికి వేరే నీళ్లు లేవు. నాయకుల సంగతి అలా కాదు. మనం రోజూ ఏం తాగాలో మనమే ఎంచుకుంటాం. పొగడ్త రోజూ తాగుతున్నామా? పోలిక, అసూయ రోజూ తాగుతున్నామా? కానుకల లెక్క చూసుకొని సంతోషించే అలవాటు రోజూ తాగుతున్నామా? ఎముక వంగేదాకా తెలియదు.

ఆ ఫ్లోరైడ్ నీటిని శుద్ధి చేయడానికి 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ఒక పద్ధతిని రూపొందించింది. ప్రపంచమంతా దానిని 'నల్లగొండ పద్ధతి' అనే పిలుస్తుంది. ఆఫ్రికా దేశాల్లో కూడా దాన్ని వాడి చూశారు. అందులో పెద్ద యంత్రాలేమీ ఉండవు. నీళ్లలో సున్నం, పటిక వేసి కలుపుతారు. ఆపైన కదపకుండా వదిలేస్తారు. మడ్డితో పాటు విషం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని తీసుకుంటారు. ఆత్మీయ జీవితానికీ ఇంతకన్నా మంచి పోలిక దొరకదు. వాక్యం మనలను కలచివేయాలి. ఆపైన దేవుని సన్నిధిలో కదలకుండా నిలిచి ఉండే సమయం కావాలి. చాలామంది సేవకులకు కలచివేసే ప్రసంగాలు ఉన్నాయి, తేటపడే ఏకాంతం లేదు. ప్రభువు పెందలకడనే లేచి, ఇంకా చాలా చీకటి ఉండగానే అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడు (మార్కు 1:35). ఆయనకే అది అవసరమైతే మనకు అవసరం లేదా?

మూడవది, లెక్క అప్పగించడం. పాలమూరు వలస కూలీల బతుకులో 'గుంపు మేస్త్రీ' అందరికీ తెలిసిన మనిషి. మనుషులను కూడగడతాడు, గుత్తేదారు దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు, దూర దేశాలకు తోలుకుపోతాడు. మంచి మేస్త్రీలూ ఉన్నారు. కానీ పై నుంచి ఎంత వచ్చిందో, కూలీకి ఎంత చేరిందో అడిగే హక్కు కూలీకి లేని చోట ఏం జరుగుతుందో మన ఇళ్లలో పెద్దవారిని అడిగితే చెబుతారు. సంఘ నాయకుడు గుంపు మేస్త్రీ కాకూడదు. యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు ఆ సొమ్మును ఒంటరిగా తీసుకువెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంట ఉంచుకున్నాడు. ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుషుల దృష్టికి కూడా యోగ్యమైనది చేయాలని శ్రద్ధ పడ్డాడు (2 కొరింథీ 8:18-21). అపొస్తలుడైన పౌలుకే తోడు సాక్షులు అవసరమైతే, కానుకల పుస్తకాన్ని బీరువాలో దాచుకునే మనం ఏపాటివారం? లెక్క చెప్పడం అవమానం కాదు. అది రేపటి నాయకులకు మనం కళ్ల ముందు చూపించే పాఠం.

నాలుగవది, బతికుండగానే బాధ్యత అప్పగించడం. మోషే ఒంటరిగా ఉదయం నుంచి సాయంత్రం దాకా న్యాయం తీర్చుతుంటే మామ యిత్రో వచ్చి, నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు, పని పంచుకోమని హితవు చెప్పాడు (నిర్గమ 18). మోషే విన్నాడు. తరువాత తాను చూస్తుండగానే సమాజమంతటి ఎదుట యెహోషువ మీద చేతులుంచి బాధ్యత అప్పగించాడు (సంఖ్యా 27:18-23). అయితే యెహోషువ తరం గతించాక యెహోవాను ఎరుగని మరో తరం లేచిందని న్యాయాధిపతుల గ్రంథం చెబుతుంది (2:10). ఒక తరం ఎంత గొప్పదైనా సరే, అది తరువాతి తరానికి అందించకపోతే ఆ గొప్పతనం దానితోనే సమాధి అవుతుంది. అందుకే పౌలు తిమోతికి రాస్తూ ఒకే వాక్యంలో నాలుగు తరాలను చూపించాడు. తాను, తిమోతి, నమ్మకమైన మనుషులు, వారు బోధించే ఇతరులు (2 తిమోతి 2:2).

ఇక్కడ కొందరు సేవకులు చెప్పే బాధను కూడా వినాలి. 'ఒక కుర్రవాడిని చేరదీసి పెంచాం. రెండేళ్లు తిరగకముందే పది కుటుంబాలను తీసుకొని పక్క వీధిలో వేరే సంఘం పెట్టుకున్నాడు. ఇక ఎవరిని నమ్మాలి?' ఈ గాయం నిజమైనది. దీన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. అలాంటి దెబ్బ తిన్న కాపరి అందరినీ దూరంగా ఉంచడం, చివరకు కన్నకొడుకును తప్ప మరెవరినీ నమ్మలేకపోవడం మనం చూస్తూనే ఉన్నాం.

కానీ లేఖనం మనకు బర్నబాను చూపిస్తుంది. యెరూషలేములో అందరూ సౌలును చూసి భయపడుతుంటే చేయి పట్టుకొని అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్లింది అతడే (అపొ.కా. 9:26-27). అంతియొకయలో పని పెరిగినప్పుడు తార్సుకు వెళ్లి అతణ్ణి వెదకి తెచ్చిందీ అతడే. కొద్ది కాలానికే 'బర్నబాయు సౌలును' అన్న వరుస మారి పౌలు పేరు ముందుకు వచ్చింది. బర్నబా అలిగిన దాఖలా ఎక్కడా లేదు. మధ్యలో వదిలి వెళ్లిపోయిన మార్కును మరోసారి వెంట తీసుకువెళ్లడం కోసం అతడు పౌలుతోనే విభేదించాడు (అపొ.కా. 15:37-39). చివరకు అదే పౌలు చెరసాల నుంచి, మార్కు పరిచారానికి ప్రయోజనకరమైనవాడు, అతణ్ణి వెంటబెట్టుకొని రమ్మని రాశాడు (2 తిమోతి 4:11). బర్నబా రాసిన పత్రిక ఒక్కటీ కొత్త నిబంధనలో మనకు కనబడదు. కానీ అతడు చేరదీసిన ఇద్దరి రాతలు లేకుండా కొత్త నిబంధన లేదు.

అలాగని పిల్లలకు తొందరపడి పదవులు కట్టబెట్టమని కాదు. కొత్తగా చేరినవానికి అధ్యక్ష పదవి ఇస్తే గర్వించి పడిపోతాడని లేఖనమే హెచ్చరిస్తుంది (1 తిమోతి 3:6). తిమోతిని పౌలు ఎంచుకున్నప్పుడు లుస్త్రలోనూ ఈకొనియలోనూ ఉన్న సహోదరులు అతని గురించి మంచి సాక్ష్యం చెప్పారు (అపొ.కా. 16:2). అతని విశ్వాసం వెనుక అవ్వ లోయి, తల్లి యునీకే ఉన్నారు. నాయకుణ్ణి ఒక్క గురువు తయారుచేయడు. ఒక కుటుంబం, ఒక సంఘం కలిసి తయారుచేస్తాయి, కలిసి పరీక్షిస్తాయి. కన్నకొడుకు పిలుపు పొందినవాడైతే సంతోషమే. కానీ ఆ పిలుపును గుర్తించవలసింది తండ్రి ఒక్కడే కాదు, సంఘం. ఏలీ యింట్లో కుమారులు ఉన్నా దేవుడు పిలిచింది హన్నా కుమారుడైన సమూయేలును. ఏలీ చేసిన ఒక మంచి పని ఏమిటంటే, ఆ పిలుపు దేవునిదని గుర్తించి, ఎలా జవాబివ్వాలో ఆ బాలునికి నేర్పించాడు.

ఎవరిని ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు తొలి సంఘం ఇచ్చిన జవాబు మనలను కదిలించాలి. రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ నోళ్లు మూయించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే (అపొ.కా. 6:1-6). అంటే అన్యాయం జరిగిందన్నవారి వైపు నుంచే బాధ్యులను నిలబెట్టారు. మన సంఘాల్లో ఎవరు సణుగుతున్నారు? ఏ కులం పేరిట, ఏ ఉపకులం పేరిట ఎవరు వెనుక వరుసలో మిగిలిపోయారు? తెల్లవారుజామున లేచి ప్రార్థించే స్త్రీలు, ఆదివారం బడిని భుజాన మోసే అక్కలు సంఘ కమిటీలో ఎంతమంది ఉన్నారు? అపొల్లోను ఇంటికి పిలిచి దేవుని మార్గం మరింత పూర్తిగా విశదపరచింది అకుల, ప్రిస్కిల్ల దంపతులిద్దరూ అని మరిచిపోయామా?

వలసల మాట కూడా చెప్పుకోవాలి. చదువుకున్న పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోతున్నారు, ఇక ఎవరిని తయారుచేయాలని పల్లె కాపరులు నిట్టూరుస్తారు. నిజమే. కానీ పల్లెలో తర్ఫీదు పొందిన బిడ్డ ఎక్కడికి వెళ్లినా ఊడను వెంట తీసుకుపోతాడు. కూలి కోసం వెళ్లిన బస్తీలో ప్రార్థన గుంపు మొదలుపెట్టేది, హాస్టల్ గదిలో తోటి విద్యార్థిని ఓదార్చేది ఆ బిడ్డే. యెరూషలేము నుంచి చెదరిపోయినవారే సువార్తను సమరయకు, అంతియొకయకు మోసుకెళ్లారు. మనం పెంచింది మన దగ్గరే కాయాలన్న నియమం దేవుని తోటలో లేదు.

ఈ వారం నుంచే చేయదగిన పనులు ఉన్నాయి. కాపరులారా, మీ సంఘంలో ఇద్దరి పేర్లు మీ బైబిలు అట్ట లోపల రాసుకొని రోజూ ప్రార్థించండి. ఈ నెలలో ఒక పరామర్శకు వారిని వెంట తీసుకువెళ్లండి, దారిలో మాట్లాడండి. ఒక ఆదివారం వారిని వాక్యం చెప్పనిచ్చి, మీరు ముందు వరుసలో కూర్చొని వినండి. తడబడితే నలుగురిలో దిద్దవద్దు, ఇంటికి పిలిచి దిద్దండి. సంఘ పెద్దలారా, కానుకల లెక్కను మూడు నెలలకొకసారి సంఘం ఎదుట చదవండి. లెక్క రాసే పని ఒక యువతికి నేర్పండి. యౌవనులారా, మైకు కోసం ఎదురుచూడకండి. కుర్చీలు సర్దే చోట, వృద్ధులను మందిరానికి తీసుకువచ్చే చోట మీ నాయకత్వం మొదలవుతుంది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన తువాలు ఇప్పటికీ అక్కడే ఉంది.

మనం ఎంతమందిని కూడగట్టామన్నది ఈ లోకం అడిగే లెక్క. నీ పక్కన ఎవరు ఎదిగారన్నది ప్రభువు అడిగే లెక్క. గోధుమ గింజ భూమిలో పడి చావకుంటే ఒంటిగానే మిగిలిపోతుందని, చస్తే విస్తారంగా ఫలిస్తుందని ఆయన చెప్పాడు (యోహాను 12:24). చెప్పడమే కాదు, సిలువ మీద అలాగే చేశాడు. ఆ మరణం నుంచి లేచిన జీవమే పల్లెపల్లెలో నేటికీ పాటలు పాడిస్తోంది.

పెద్ద చెట్టు కావడం తప్పు కాదు. దేవుడు కొందరికి విశాలమైన నీడను అనుగ్రహిస్తాడు. అయితే ఆ నీడలో ఎవరినీ ఎదగనివ్వని మర్రి కావద్దు. పిల్లలమర్రి పేరులోనే పిల్లలు ఉన్నారు. మన ఊడలు నేలను తాకేదాకా, వేరు పట్టేదాకా, మనం లేకపోయినా చెట్టును మోసేదాకా వాటికి దారి చూపిద్దాం. ఆ కృప ప్రభువు మన సంఘాలకూ, మన నాయకులకూ అనుగ్రహించును గాక. ఆమేన్.